దిగ్విజయ క్రీడలో ముఖసంధి

మన లాక్షణికులు రూపకానికి ఐదు సంధులు చెప్పారు. ముఖం, ప్రతిముఖం, గర్భం, అవమర్శం, నిర్వహణం అనే ఈ ఐదింటిలో విమర్శకుల దృష్టి ఎక్కువగా నిలిచేది చివరి రెండింటి మీదనే. నాయకుడు ఫలాన్ని పొందాడా, పొందిన ఫలానికి అతడు అర్హుడేనా అన్న ప్రశ్నలు చదువరిని సహజంగానే ఆకర్షిస్తాయి. అయితే బీజం పడేది ముఖసంధిలో. పదవ శతాబ్దంలో ధనంజయుడు దశరూపకంలో బీజాన్ని గూర్చి చెప్పినదాని తాత్పర్యం కూడా ఇదే. మొదట కొద్దిగా సూచించబడినదే పోను పోను పలు తెరగుల విస్తరించి ఫలానికి హేతువవుతుంది. బీజంలో లేనిది ఫలంలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ సూత్రాన్ని మనం నాటకాలకే పరిమితం చేసుకొన్నాము. నిజానికి ఫలం కొరకు ప్రయత్నం సాగే ప్రతి నిర్మాణానికీ ఇది వర్తిస్తుంది. ఈ వ్యాసంలో పరిశీలించదలచినది ఒక ఆట. దాని పేరు ‘మాస్టర్ ఆఫ్ మ్యాజిక్’. 1994లో అమెరికాలోని సింటెక్స్ సంస్థ దీనిని నిర్మించగా మైక్రోప్రోస్ సంస్థ ప్రచురించింది. ప్రధాన రూపకర్త స్టీవ్ బార్సియా. కంప్యూటరు ఎదుట ఒక్కడే కూర్చుండి ఆడే ఆట ఇది. 2022లో పోలండు దేశపు ముహా గేమ్స్ వారు దీనికి కొత్త రూపం కల్పించారు. ఇక్కడ చెప్పేదంతా 1994 నాటి మూలాన్ని గూర్చియే.

ఆటను సాహిత్య విమర్శకు విషయం చేయవచ్చునా అన్న శంక కొందరికి కలుగవచ్చు. సభాపర్వం చదివినవారి వద్ద ఈ శంక నిలువదు. ఒక జూదం చుట్టూ మహాభారతమంతా తిరిగింది. 1924లో ప్రేమ్‌చంద్ రాసిన ‘శత్‌రంజ్ కే ఖిలాడీ’ కథలో అవధ్ రాజ్యం చేజారిపోతూ ఉండగా ఇద్దరు జాగీర్దారులు చదరంగపు బల్ల ముందు నుంచి లేవరు. అక్కడ ఆట కథకు సాధనం. మనం చూడబోయేచోట ఆటయే కథ; దానిని రచించేవారిలో ఆడేవాడు కూడా ఒకడు. కాబట్టి అతడు వేసే మొదటి ఎత్తులను కావ్యారంభాన్ని చదివినట్లే చదవవలసి ఉంటుంది.

ఆట స్వరూపం సంగ్రహంగా ఇది. ఆటగాడు ఒక మాంత్రికుడు. అతనికి ఎదురుగా నలుగురి వరకు ఇతర మాంత్రికులు ఉండవచ్చు. వారి పక్షాన ఆడేది యంత్రమే. ఆర్కేనస్, మిర్రర్ అని లోకాలు రెండు. ఒకదానికి మరొకటి ప్రతిబింబంలా ఉండే ఈ లోకాలను మాంత్రిక గోపురాలు కలుపుతాయి. గెలుపునకు దారులు రెండే. తక్కిన మాంత్రికులందరినీ తొలగించడం ఒకటి. విద్యలన్నిటికీ శిఖరమైన ఆధిపత్య మంత్రాన్ని సాధించి ప్రయోగించడం రెండవది. ఎవరైనా ఆ మంత్రప్రయోగానికి పూనుకోగానే ఆ సంగతి తక్కినవారికి తెలిసిపోతుంది. వారంతా అతని మీద విరుచుకుపడతారు. ఫలం ఏదో మొదటనే తెలుసు. తెలియనిది ఆ ఫలానికి పోయే దారి.

ఇట్టి ఆటలను వంతులవారీ ఆటలు అంటారు. ఒకరు తమ పనులన్నీ ముగించిన తరువాతనే మరొకరి వంతు వస్తుంది. ఇందులో ఒక్కొక్క వంతు ఒక నెల. కాలగణన 1400వ సంవత్సరం జనవరితో ఆరంభమవుతుంది. తెలుగులో ఈ ‘వంతు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ‘నీ వంతు వచ్చింది’ అన్నప్పుడు అది సమయం. ‘నా వంతు నాకియ్యి’ అన్నప్పుడు అది భాగం. హిందీలో సమయానికి ‘బారీ’ అని, భాగానికి ‘హిస్సా’ అని వేర్వేరు మాటలు. ఆ ‘బారీ’ని దాదాపు అదే ధ్వనితో తెలుగులో పలికితే పులి బారి, శత్రువు బారి గుర్తుకు వస్తాయి. రెండు భాషల మధ్య పనిచేసేవారికి ఇట్టివి నిత్యం తగిలే ముళ్ళు. కాని ఈ ఆట విషయంలో ఆ ముళ్ళే దారి చూపుతున్నవి. అందరికీ సమానంగా దొరికే కాలం, అందరికీ సమానంగా దొరకని భాగం, ఇతరుల బారిన పడతామన్న భయం: ఈ మూడింటి నడుమనే దీని ఆరంభ వ్యూహమంతా నడుస్తుంది.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పివేస్తాను. ఈ ఆటలో కావ్యమంటూ ఉన్నది తొలి వంతులలోనే ఉన్నది. వంతుకు గల రెండు అర్థాలూ, కాలమూ భాగమూ, ఒకదానినొకటి కొలుచుకొనేది అక్కడ మాత్రమే. అయితే ఆ తొలి వంతులలో పడిన బీజంలోనే ఒక లోపం కూడా ఉన్నది. చివరి అంకాలలో కనిపించే నీరసానికి ఆ లోపమే మూలం.

మొదటి నెల రాకముందే ఒక ఆరంభం జరుగుతుంది. ఆటగాడికి పదకొండు ఎంపికలు ఇస్తారు. జీవం, మృత్యువు, సంక్షోభం, ప్రకృతి, మాయ అని విద్యాశాఖలు ఐదు. ఒక్కొక్క గ్రంథానికి ఒక్కొక్క ఎంపిక వ్యయమవుతుంది. జీవవిద్యను స్వీకరించినవాడు మృత్యువిద్యను ముట్టరాదు. గ్రంథాలకు బదులు విశేషశక్తులను కూడా ఎన్నుకోవచ్చు. రసవాదానికి ఒక ఎంపిక, సేనాధిపత్యానికి రెండు, మిర్రర్ లోకంలో ఆరంభించే అర్హతకు మూడు చెల్లించాలి. ఆ మీదట పద్నాలుగు జాతులలో ఒకదానిని తన ప్రజగా వరించాలి. ఒకే శాఖలో పదకొండు గ్రంథాలనూ తీసుకొన్నవాడు ఆ శాఖలోని దుర్లభ విద్యలకు త్వరగా చేరుకొంటాడు. కాని తక్కిన నాలుగు శాఖల తలుపులు అతనికి మూసుకుపోతాయి.

సోమదేవుని కథాసరిత్సాగరంలో నరవాహనదత్తుడు విద్యాధర చక్రవర్తి కావడానికి ముందు విద్యలను, రత్నాలను సంపాదించవలసి వస్తుంది. అతనికి అవి ఎక్కువగా వరాలుగా, విధి నిర్ణయంగా లభిస్తాయి. మన జానపద కథలలోని రాకుమారుని సంగతీ అంతే; అడవిలో దాహంతో ఉన్న ముదుసలికి నీళ్ళిస్తే చాలు, ఖడ్గం చేతికి వస్తుంది. ఈ ఆటలో వరం లేదు. తీసుకొన్న ప్రతిదాని వెనుక వదులుకొన్నది ఒకటి నిలిచి ఉంటుంది. ఆటగాడి స్వభావాన్ని మొదటిసారిగా వెల్లడించేది ఆ త్యాగపు పట్టికయే. ఏ గ్రంథాలు పట్టుకొన్నాడో చూసి అతని బలం చెప్పవచ్చు. ఏవి విడిచాడో చూసి అతని కథ చెప్పవచ్చు. బీజన్యాసం ఇంత స్పష్టంగా జరిగే కృతులు పుస్తకాలలో కూడా అరుదు.

ఇక మొదటి నెల. నలువైపులా చీకటి, నడుమ ఒకే ఒక నగరం. అందులో మాంత్రికుని కోట, నాలుగు వేల జనం, బల్లెగాళ్ళ దండు ఒకటి, కత్తిగాళ్ళ దండు ఒకటి. ఇంతే సంపద. ఈ దశను గూర్చి అనుభవజ్ఞులు చేసే బోధలు కొన్ని ఉన్నవి. రెండు దండులనూ ఇంటనే కూర్చోబెట్టరాదు. ఒకదానినైనా చీకటిలోకి పంపి చుట్టుపట్ల నేల ఎట్టిదో తెలుసుకోవాలి. జనంలో తిండికి కావలసినంతమందినే సేద్యానికి ఉంచి, తక్కినవారిని నిర్మాణానికి నియోగించాలి. వీలైనంత త్వరలో వలసదండును తయారుచేసి రెండవ ఊరు నిలపాలి. మంత్రశక్తిని నిలువ చేయడం, కొత్త విద్యల పరిశోధన, ప్రయోగ నైపుణ్యం అనే మూడు పాయలుగా శక్తిని పంచుకొనేటప్పుడు దేనినీ పూర్తిగా ఎండబెట్టరాదు. వీటన్నిటి వెనుక ఉన్న లెక్క ఒకటే. పెరుగుదల వడ్డీ మీద వడ్డీ వంటిది. పదవ నెలలో వెలసిన ఊరు ముప్పయ్యవ నెలలో వెలసిన ఊరికంటె ఇరవై నెలలు మాత్రమే పెద్దది కాదు. ఆ ఇరవై నెలలలో అది మరొక ఊరికి తల్లి కాగలదు.

పైకి ఇవి గృహస్థుకు చెప్పే పొదుపు పాఠాలవలె కనబడతాయి. కాని ఒక్కొక్కదానిలో ఎంత సంఘర్షణ ఉన్నదో చూడండి. దండు అంటే బలమే కాదు, ఒక నోరు కూడా. అది ధాన్యం తింటుంది, జీతం అడుగుతుంది. దానిని బయటికి పంపితే కోట ఖాళీ. ఇంట ఉంచితే లోకం చీకటి. వలసదండు బయలుదేరిందంటే ఉన్న నాలుగు వేలలో వేయిమంది వెళ్ళిపోయారన్నమాట. రేపటి ఊరి కొరకు నేటి ఊరు బక్కచిక్కుతుంది. రాబోయే విద్య కొరకు పరిశోధనకు శక్తి పోస్తే ఈ నెల ప్రయోగించడానికి మంత్రశక్తి చాలదు. నిలువ ఉన్నా నైపుణ్యం తక్కువైతే ఒక్క నెలలో వెచ్చించగలిగేది కొద్దియే. వంతు చిన్నది కాబట్టి దానిలోని ప్రతి రేణువూ లెక్కకు వస్తుంది. లేమిలో ఉన్నవాడు దీపపు వత్తిని సవరించేటప్పుడు చూపే శ్రద్ధ ఇక్కడ ఆటగాడికి అలవడుతుంది. ఉత్సాహం స్థాయీభావంగా గల వీరరసానికి ఇంత నిరాడంబరమైన ఆలంబనం దొరకడం విశేషం.

చీకటి కొంత తొలగగానే గుహలు, శిథిలాలయాలు, శక్తిస్థానాలు కనబడతాయి. వాటిలో నిధులున్నవి, కావలిగా భూతాలున్నవి. శక్తిస్థానాన్ని వశపరచుకొన్నవాడికి నెలనెలా మంత్రశక్తి పెరుగుతుంది. దానికి ముందుగా కావలివారిని జయించి, ఆ పిమ్మట మాంత్రికులందరికీ సామాన్యమైన విద్యతో ఒక భూతాన్ని ఆవాహన చేసి ఆ స్థానంలో లీనం చేయాలి. లీనమైన భూతం మళ్ళీ తిరిగి రాదు. చేతిలో ఉన్నది బల్లెగాళ్ళ దండు. ఎదుట ఉన్నది దానిని ఒక్క తొక్కుడులో నలిపే జంతువు. ఇక్కడనే ఆరంభ వ్యూహం తన అసలు రుచిని చూపుతుంది.

ఒక్క ఉదాహరణ చాలు. ప్రకృతివిద్యలో స్ప్రైట్ అనే చిన్న వనదేవతలున్నారు. దెబ్బ తగిలితే నిలువలేని ప్రాణులు. కాని వారికి రెక్కలున్నవి; దూరం నుంచి మంత్రబాణాలు వేయగలరు. నేలమీద నడిచేదీ, దూరం నుంచి కొట్టలేనిదీ అయిన మహాకాయం వారిని తాకలేదు. బాణాలు అయిపోతే ఆ నెల యుద్ధం ముగుస్తుంది; మరుసటి నెల మళ్ళీ వస్తారు. ఈ కిటుకు తెలిసిన ఆటగాడు పెద్ద సేన లేకుండానే శక్తిస్థానాన్ని సంపాదిస్తాడు. కావలి ఉన్నది రెక్కలు గల ప్రాణియో, దూరం నుంచి కొట్టగలదియో అయితే ఆ కిటుకు పనిచేయదు. అప్పుడు వేరొక తెలివి కావాలి. బలహీనుడు బలవంతుని స్వభావాన్ని చదివి గెలవడం ఇందులోని ఆనందం. బలం పెరిగిన తరువాత ఈ చదువు అక్కరలేదు. అప్పుడు తొమ్మిది దండులను ఒకచోట కూర్చి పంపితే చాలును.

ఈ ఆనందం హిందీ చదువరులకు చిరపరిచితమైనది. దేవకీనందన్ ఖత్రీ 1888లో ‘చంద్రకాంత’ను వెలువరించినప్పుడు దానిని చదవడానికే ఎందరో నాగరి లిపి నేర్చుకొన్నారన్నది ప్రసిద్ధమైన సంగతి. ఆ నవలలో వీరేంద్రసింహుడు రాకుమారుడే. కాని చదువరి కళ్ళు అతని మీదకంటె తేజ్‌సింగ్ మీదనే ఎక్కువగా నిలుస్తాయి. తేజ్‌సింగ్ ఐయార్. వేషం మార్చడం, మత్తుమందు చల్లడం, మూట కట్టి మోసుకుపోవడం అతని విద్యలు. సేనలు ఎదురుపడకముందే సగం యుద్ధం ఐయార్లు ముగిస్తారు. లక్నోలో నవల్ కిషోర్ ముద్రణాలయం 1883 నుంచి సంపుటాలుగా ప్రకటించిన ఉర్దూ దాస్తాన్ ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’లో కూడా మాంత్రిక చక్రవర్తి అఫ్రాసియాబ్‌ను ముప్పుతిప్పలు పెట్టేది అమర్ ఐయార్ సంచియే గాని సైన్యం కాదు. ఉత్తర హిందూస్థానపు కథకులు వందేళ్ళకు పూర్వమే గ్రహించిన రహస్యం ఇది. అద్భుత దిగ్విజయంలో రసం దిగ్విజయంలో లేదు. బలం చాలని దశలో బుద్ధి చేసే పనిలో ఉన్నది.

అయితే ఆరంభాన్ని సూత్రబద్ధం చేయాలన్న కోరిక కూడా ఆటగాళ్ళకు పాతదే. పూర్వపు చదరంగంలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడి మాత్రమే నడిచేది. మంత్రి మూలవాటుగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. బలగాలు తాకేవరకు చాలా ఎత్తులు పట్టేది. అందుచేత అరబ్బు పండితులు ‘తబియా’లనే వ్యూహాలను కల్పించుకొన్నారు. ఆటగాడు ఎదుటివాని కదలికలను అంతగా పట్టించుకోకుండా తనకు నచ్చిన వ్యూహాన్ని పన్నుకొని, ఆపైన అసలు ఆటకు దిగేవాడు. పదవ శతాబ్దంలో బాగ్దాదు ఆస్థానంలో ప్రసిద్ధుడైన అస్సూలీ ఈ శాస్త్రంలో దిట్ట. ఆధునిక దిగ్విజయ క్రీడకు కూడా అట్టి తబియాలు పుట్టినవి. ఫలానా జాతి, ఫలానా శక్తి, ఫలానా క్రమంలో కట్టడాలు అని చెప్పేస్తారు. హాఫ్‌లింగ్ జాతిని, దాని వడిసెలగాళ్ళను ఎన్నుకొని సేనాధిపత్యాన్ని జోడించడం అట్టి ప్రసిద్ధ యోగాలలో ఒకటి. ఇవి గెలిపిస్తాయనడంలో సందేహం లేదు. కాని తబియా పట్టుకొన్నవాడు చీకటిని చూడడం మానివేస్తాడు. ఎదుట ఏమున్నదో తెలియకముందే ఏమి చేయాలో అతనికి తెలుసు. పూర్వకవులు చేసిన అష్టాదశ వర్ణనలను వరుస తప్పకుండా నింపుకొంటూ పోయిన క్షీణయుగపు ప్రబంధకర్త కూడా చేసినది ఇదే.

ఇంతవరకు గుణం చెప్పాను. ఇక లోపం. తొలి నెలలలో ఆటగాడికి తారసపడేవి గుహలే కావు. ఏ మాంత్రికునికీ చెందని ఊళ్ళు కూడా. వాటిలో జనం ఉన్నారు, కావలి దండులున్నవి. వ్యూహజ్ఞులు వీటిని త్వరగా పట్టుకొమ్మంటారు. వలసదండు పంపి, పెంచి, పోషించే శ్రమ లేకుండా ఎదిగిన ఊరు చేతికి వస్తుంది. జయించినవాని ముందు ఆట ఒక ప్రశ్న ఉంచుతుంది: ఉంచుకొంటావా, నేలమట్టం చేస్తావా? నేలమట్టం చేస్తే కీర్తి తగ్గుతుంది. ఉంచుకొంటే, ఆ ఊరి జాతికీ రాజధాని జాతికీ పొసగకపోతే జనంలో కొందరు తిరగబడి పనిచేయడం మానివేస్తారు. జాతుల మధ్య గల ఈ వైమనస్యానికి ఆటలో ఒక పట్టికయే ఉన్నది. ఇది నిర్మాతల సూక్ష్మదృష్టికి నిదర్శనమని ఒప్పుకోవాలి. 1994 నాటికి ఇట్టి ఆటలలో జయించిన జనం మనసును గూర్చి ఈమాత్రం తలచడం కూడా చెప్పుకోదగినదే.

కాని ఈ తిరుగుబాటును మాన్పడానికి ఆట చూపే మార్గాలేమిటి? కావలి దండును ఊరిలో పెట్టడం, గుడులు కట్టడం, పన్ను తగ్గించడం, మంత్రం వేయడం. ఇక్కడ కౌటిల్యుని గుర్తు చేసుకోకుండా ఉండలేము. అర్థశాస్త్రం కరుణకు పేరుపడ్డ గ్రంథం కాదు. అయినా కొత్తగా జయించిన దేశాన్ని శాంతపరచే ప్రకరణంలో అది విజేతను మారమంటుంది. ఆ దేశపు వేషాన్ని, భాషను, ఆచారాన్ని అవలంబించమంటుంది. అక్కడి దేవతలకూ ఉత్సవాలకూ భక్తి చూపమంటుంది. ప్రజలు విజేతవలె కావడం కాదు, విజేత ప్రజలవలె కావడం అక్కడి ఉపాయం. ఆటలోని మాంత్రికుడు వంద ఊళ్ళు జయించినా అణుమాత్రం మారడు. మొదట ఎన్నుకొన్న జాతియే చివరివరకూ అతని కొలబద్ద. జయం అతనికి భూమినిస్తుంది గాని అనుభవాన్ని ఇవ్వదు.

వలసదండు సంగతి కూడా ఇట్టిదే. కౌటిల్యుడు జనపదాన్ని నెలకొల్పే విధం చెబుతూ, పరదేశపు జనాన్ని రప్పించిగాని, స్వదేశంలో పొంగిపొరలుతున్న జనాన్ని తరలించిగాని ఊళ్ళు నిలపాలంటాడు. ఆటలో వేయిమంది తరలిపోవడం అచ్చంగా ఆ రెండవ పద్ధతి. కాని శాస్త్రకారుడు అక్కడితో ఆగలేదు. గ్రామానికి తక్కువలో తక్కువ నూరు కుటుంబాలు, ఎక్కువలో ఎక్కువ ఐదువందలు ఉండాలన్నాడు. క్రోశమో రెండు క్రోశాలో పొలిమేర ఉండి, ఒక ఊరికొక ఊరు రక్షణ కావాలన్నాడు. కొత్తగా సేద్యం చేసేవారికి ధాన్యం, పశువులు, ధనం ఇచ్చి, వారు సుఖంగా తీర్చగలిగినప్పుడు తీసుకొమ్మన్నాడు. అతని లెక్కలో ఊరంటే పొలిమేర గల కుటుంబాల కూడిక. ఆటలో ఊరంటే పటం మీద చుట్టూ ఇరవైఒక్క గడుల దిగుబడి. బయలుదేరిన వేయిమందికి వెనుకకు తిరిగి చూసే అవకాశమైనా లేదు. బీజంలోని లోపం ఇదే: భూమి ముందుగా ఖాళీ అని, ఖాళీ కానిచోట కావలి మాత్రమే ఉన్నదని ఆట భావిస్తున్నది.

పేర్లను చూస్తే ఈ ఖాళీతనం మరింత స్పష్టపడుతుంది. ఆటలో సిద్ధంగా ఉన్న మాంత్రికులు పద్నాలుగురు. మెర్లిన్, హోరస్, త్లాలోక్, ఫ్రేయాలతోపాటు కాళి కూడా వారిలో ఒకతె. ఆవాహన చేసే ప్రాణులలో జిన్ను ఉన్నది, ఇఫ్రీతు ఉన్నది. లోకంలోని పురాణాలన్నిటి నుంచి పేర్లు వచ్చి చేరినవి. పేర్లవెంట కథలు రాలేదు. కాళి అన్న మాటకు ఇక్కడ భయమూ లేదు, అభయమూ లేదు. అనువాదకుని పనిలో నిత్యం ఎదురయ్యే ఆపద ఇది. మాటను సరిహద్దు దాటించడం సులభం. దాని చుట్టూ ఉన్న ఊరిని దాటించడం కష్టం. ఈ ఆట మాటలనే వలసదండులుగా పంపి, ఖాళీ నేల మీద నిలిపింది. ఇందులో ద్వేషమేమీ లేదు, అజాగ్రత్త మాత్రమే ఉన్నది. అయినా ఆరంభంలోని అజాగ్రత్త కూడా ఒక బీజమే.

దాస్తానులలోని తిలిస్మును దీనితో పోల్చి చూడండి. అదీ మంత్రలోకమే; అదీ జయించబడవలసినదే. కాని దానిని ఎవరు పడితే వారు జయించలేరు. హోష్‌రుబాను ఛేదించేవాడు అసద్ అని ముందే నిర్ణయమై ఉన్నది. అతనికైనా ‘లౌహ్’ అనే ఫలకం దొరకాలి. దానిలోని ఆదేశాన్ని చదువుకొంటూ నడవాలి. చంద్రకాంతలో కూడా వీరేంద్రసింహునికి తిలిస్మును గూర్చిన గ్రంథం లభిస్తేనే గాని ముందుకు పోలేడు. లోపల బందీలున్నారు, తిలిస్ము విరగడమంటే వారు విడుదల కావడం. జయానికి అక్కడ అనుమతి కావాలి, ప్రయోజనం కావాలి. రాజుల కాలపు ఊహలో పుట్టిన ఆ కథలు ప్రజాస్వామ్య ధర్మాన్ని బోధిస్తున్నాయని నేను అనను. ముందుగా నిర్ణయమైన విజేత అన్న భావనలోనే వంశాభిమానం ఉన్నది. అయినా ‘నీకు ఇక్కడ ప్రవేశించే అధికారమెక్కడిది?’ అన్న ప్రశ్నను అవి గుమ్మంలోనే అడుగుతాయి. మాస్టర్ ఆఫ్ మ్యాజిక్ ఆ ప్రశ్నను ఎన్నడూ అడగదు. పదకొండు ఎంపికల పట్టికలో అన్నిటికీ ధర ఉన్నది, దీనికి లేదు.

ఈ ఆటలోనే తెలిసో తెలియకో ఒక సమాధానం దాగి ఉన్నది. దీనిలో కష్టానికి ఐదు మెట్లున్నవి. అన్నిటికంటె పైమెట్టుకు ‘అసాధ్యం’ అని పేరు. ఆ మెట్టులో యంత్రం నడిపే మాంత్రికులకు ఉత్పత్తిలోనూ సంపదలోనూ ఆధిక్యం ఇస్తారు. నెల అందరికీ నెలయే; కాని ఆ నెలలో వారికి పండేది ఎక్కువ, మనకు పండేది తక్కువ. కాలం సమానం, భాగం అసమానం. వంతు అన్న మాటలోని రెండు అర్థాలు ఇక్కడ విడిపోతాయి. ఆరితేరిన ఆటగాళ్ళు ఈ మెట్టునే కోరుకోవడం ఆలోచించదగిన విషయం. సులభమైన మెట్లలో వారి సామ్రాజ్యం త్వరగా పెరుగుతుంది, త్వరగానే రుచి తప్పుతుంది. పైమెట్టులో ఆరంభపు లేమి చాలా కాలం నిలుస్తుంది. అంటే వారు కోరుతున్నది కష్టం కాదు. ముఖసంధి దీర్ఘం కావడం. తక్కువ వంతు దక్కినవాడై నిలిచినప్పుడే తమలోని శ్రద్ధ మేలుకొంటుందని వారికి తెలుసు.

చివరి అంకాలలో ఏమి జరుగుతుందో ఆడినవారందరూ ఎరుగుదురు. ఊళ్ళు ముప్పై దాటిన తరువాత ఏ ఊరిలో ఏమి కడుతున్నామో గుర్తుండదు. మొదట చీకటిలోకి వెళ్ళిన బల్లెగాళ్ళ దండు ఏమైందో ఎవరికీ తెలియదు. ఒక్కొక్క వంతు అరగంట పడుతుంది. ఆ అరగంటలో నిర్ణయమని చెప్పదగినది ఒక్కటీ ఉండదు. ఫలాగమం తప్పదని తెలిసిన తరువాత కూడా నెలల తరబడి ఎత్తులు వేస్తూ పోవాలి. దీనిని నిర్మాణలోపమని విమర్శకులు తరచుగా అంటారు. అది పైకి కనిపించే లోపం. విజేత మారని కథలో, జయించబడినవారికి స్వరం లేని కథలో, భాగం పెరిగేకొద్దీ చెప్పవలసిన మాట తరుగుతుంది. అవమర్శంలో నాయకుడు తన ఫలాన్ని తానే శంకించుకోవాలని శాస్త్రం కోరుతుంది. ఈ నాయకునికి శంకించుకోవడానికి ఏమీ మిగలలేదు; అతని బీజంలో శంక వేయలేదు.

కాబట్టి ఈ ఆటను చదివే పద్ధతి ఒకటి సూచిస్తాను. తొలి నూరు నెలలను శ్రద్ధగా చదవండి. రెండు దండులతో, నాలుగు వేల జనంతో, చుట్టూ ఉన్న చీకటితో మనిషి ఎట్లా వ్యవహరిస్తాడో అంత నిజాయితీగా చూపే రచనలు మన కాలంలో ఎక్కువ లేవు. వ్యూహజ్ఞులు చెప్పే తొందరను తెలుసుకోండి. ఆ లెక్క తప్పు కాదు. దానితోపాటు, పటం మీద ఖాళీగా కనిపించే ప్రతి గడి వద్దా ఒక్క క్షణం ఆగి, ఇది ఎవరి వంతు అని అడగండి. ఆట దానికి జవాబు చెప్పదు. ఇటువంటి ఆటలు భారతీయ భాషలలో పుట్టే రోజు వస్తే, ఆ జవాబుతోనే అవి మొదలు కావాలి. తిలిస్ము కథలను, జనపద నివేశాన్ని, సభాపర్వాన్ని వారసత్వంగా పొందిన జాతికి అందుకు కావలసిన విత్తనాల కొరత లేదు.